లినక్స్‌లో యూఎస్‌బీ సీఐ పెట్టె: పే ఛానల్ తెర మీదికి వచ్చేదాకా

పే ఛానల్ తాళం తీసేది కామ్ అనే చిన్న మాడ్యూల్, దాని లోపల కూర్చునే స్మార్ట్ కార్డు. యూఎస్‌బీ ట్యూనర్ పెట్టెకు ఒక పక్కన ఉండే సీఐ (కామన్ ఇంటర్‌ఫేస్) అనే సన్నని గాడిలో ఈ కామ్‌ను దోపుతారు. ఇక లినక్స్ చేయాల్సినవి మూడు పనులు. డిష్ నుంచి వచ్చే ప్రసారాన్ని సరైన ట్రాన్స్‌పాండర్ (ఒకే ఫ్రీక్వెన్సీ మీద కొన్ని ఛానళ్లను కలిపి పంపే ఉపగ్రహ భాగం) మీద పట్టుకోవాలి. అందులో ఏ ఛానల్ కావాలో కామ్‌కు చెప్పాలి. కామ్ తాళం తీసి తిరిగిచ్చినదాన్ని యూఎస్‌బీ మీదుగా తెచ్చుకుని చూపించాలి. ఎవరి పని ఏదో తెలిస్తే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. తెర నల్లగా ఉండిపోతే చాలామంది ముందు ప్లేయర్‌ను మారుస్తారు, తర్వాత డిస్ట్రిబ్యూషన్‌నే మార్చేస్తారు. తీరా చూస్తే తప్పు కార్డులోనో, కామ్‌లోనో, డిష్ కేబుల్ కనెక్టర్ బిగింపులోనో ఉంటుంది.

ఇక్కడ చెప్పేదంతా సొంత పేరు మీద చందా కట్టి తెచ్చుకున్న కార్డుకు, ఆ కార్డుకు సరిపడే కామ్‌కు సంబంధించినది. ఒకే కార్డును నెట్‌వర్క్ మీద పదిమందికి పంచడం చందా ఒప్పందానికి విరుద్ధం. దొంగచాటు డీకోడింగ్ పరికరాల వ్యాపారాన్ని యూరప్‌లో 1998 నాటి 98/84 ఆదేశం నిషేధించింది. ఆ దారి ఈ అధ్యాయంలో లేదు.

స్క్రాంబుల్ చేసిన ప్రసారంలో ఏముంటుంది

డీవీబీ అనే డిజిటల్ టీవీ ప్రమాణంలో ప్రసారం 188 బైట్ల ప్యాకెట్లుగా వస్తుంది. ప్రతి ప్యాకెట్‌కూ మొదటి 4 బైట్లు హెడర్. అందులో మొదటి బైటు ఎప్పుడూ హెక్సాలో 47. ప్యాకెట్ ఎక్కడ మొదలైందో ట్యూనర్ గుర్తుపట్టేది దానితోనే. అదే హెడర్‌లో రెండు బిట్లు ఆ ప్యాకెట్‌కు తాళం ఉందో లేదో చెబుతాయి. 00 ఉంటే ప్యాకెట్ తెరిచే ఉంది. 10 ఉంటే సరి తాళంచెవితో, 11 ఉంటే బేసి తాళంచెవితో స్క్రాంబుల్ అయింది. ఈ రెండు బిట్లను గుర్తుపెట్టుకోవాలి. చివర్లో ఏ తప్పు ఎక్కడుందో తేల్చేది ఇవే.

ప్యాకెట్లను గజిబిజి చేసే పద్ధతి యూరప్ అంతటికీ ఒకటే. కామన్ స్క్రాంబ్లింగ్ అల్గారిథమ్ అనే ఆ పద్ధతిని డీవీబీ కూటమి 1994లో ఆమోదించింది. దానికి కావాల్సిన 64 బిట్ల కంట్రోల్ వర్డ్ కొన్ని సెకన్లకోసారి, మామూలుగా 10 సెకన్లకు అటూఇటూగా, మారిపోతుంది. ఒకటి వాడుకలో ఉండగానే తర్వాతిది సిద్ధం కావాలి కాబట్టే సరి, బేసి అని రెండు తాళంచెవులు. ఆ కంట్రోల్ వర్డ్‌లు ఈసీఎం అనే సందేశాల్లో, కార్డు మాత్రమే విప్పగల రూపంలో, ఛానల్‌తోపాటే గాలిలో వస్తాయి. ఎవరి కార్డు చందా ఎప్పటిదాకా నడుస్తుందో, ఏ ప్యాకేజీలు ఉన్నాయో చెప్పే సందేశాలు వేరే దారిన వస్తాయి. వాటిని ఈఎంఎం అంటారు. ఈసీఎం అందకపోతే ఛానల్ వెంటనే ఆగుతుంది. ఈఎంఎం అందకపోతే మాత్రం రోజులో వారాలో బాగానే నడిచి, ఒక రోజు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఈ రెండో రకం తప్పును పట్టుకోవడం కష్టం. దాని గురించి ముందు ముందు వివరంగా ఉంటుంది.

స్క్రాంబుల్ చేసే పద్ధతి ఒకటే అయినా తాళంచెవులను భద్రపరిచే వ్యవస్థలు చాలా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఉంటుంది, దాన్ని సీఏఐడీ అంటారు. వయాక్సెస్ 0500తో, ఇర్డెటో 0600తో, కొనాక్స్ 0బీ00తో, నాగ్రావిజన్ 1800తో మొదలవుతాయి. ఒక ఛానల్ ఏ వ్యవస్థను వాడుతోందో, దాని ఈసీఎం ఏ పిడ్ (ప్యాకెట్ల గుర్తింపు సంఖ్య) మీద వస్తోందో ఆ ఛానల్ భాగాలను జాబితాగా చెప్పే పీఎంటీ పట్టికలోనే రాసి ఉంటుంది. స్విట్జర్లాండ్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎస్‌ఆర్‌జీ హాట్‌బర్డ్ ఉపగ్రహం మీద వయాక్సెస్ వాడింది. ఆస్ట్రియా ఓఆర్‌ఎఫ్ అస్ట్రా మీద క్రిప్టోవర్క్స్‌తో మొదలుపెట్టి తర్వాత ఇర్డెటోకు మారింది. క్రీడలు, సినిమాల హక్కులు తమ దేశానికే కొన్నవి కాబట్టి, పక్క దేశాల్లోనూ పట్టుబడే ఉపగ్రహ ప్రసారానికి ఈ సంస్థలు తాళం వేస్తాయి. తమ దేశంలో ఉండేవాళ్లకు కార్డులు ఇస్తాయి.

కామ్‌ను దోపే గాడి కొలతలు, అందులో నడిచే సంభాషణ నియమాలు ఈఎన్ 50221 అనే ప్రమాణంలో ఉన్నాయి. ఇది 1997 నాటిది. పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే పీసీ కార్డు ఆకారమే కామ్‌కూ తీసుకున్నారు. గాడి లోపల 68 సన్నని సూదులు రెండు వరుసలుగా ఉంటాయి. కామ్‌ను అంచుల గాళ్లు చూసి నింపాదిగా నెట్టాలి. బిగువుగా ఉందని బలవంతం చేస్తే ఒక సూది వంగుతుంది. తర్వాత ఏ డ్రైవర్ మార్చినా ఫలితం ఉండదు.

పెట్టెల్లో రెండు జాతులు

యూఎస్‌బీ సీఐ పరికరాలన్నీ పైకి ఒకేలా కనిపించినా లోపల రెండు జాతులున్నాయి. కొనేముందు ఈ తేడా తెలియకపోతే డబ్బు వృథా.

మొదటి జాతిలో ట్యూనర్, సీఐ గాడి ఒకే పెట్టెలో ఉంటాయి. డిష్ నుంచి వచ్చిన ప్రసారం ట్యూనర్, డీమాడ్యులేటర్ దాటి నేరుగా కామ్‌లోకి వెళ్లి, అక్కడినుంచి యూఎస్‌బీ చిప్‌కు వస్తుంది. ఈ దారి అంతా పెట్టె లోపలి తీగల్లోనే ఉంటుంది. కంప్యూటర్‌కు చేరేసరికే కోరిన ఛానల్ తాళం తీసి ఉంటుంది. టెక్నోట్రెండ్ వారి ఎస్2-3650 సీఐ, సీటీ-3650 సీఐ, ఎస్2-4650 సీఐ, సీటీ2-4650 సీఐ, డీవీబీస్కై వారి ఎస్960సీఐ, టీ680సీఐ ఈ జాతివి. పేరులో ఎస్ ఉన్నవి ఉపగ్రహ ప్రసారానికి, టీ లేదా సీటీ ఉన్నవి కేబుల్‌కు, యాంటెనాకు.

రెండో జాతిలో ట్యూనర్ ఉండదు, గాడి ఒక్కటే ఉంటుంది. హాపేజ్ వారి విన్‌టీవీ-సీఐ లాంటివి ఇవి. వేరే ట్యూనర్ నుంచి కంప్యూటర్‌కు వచ్చిన ప్రసారాన్ని మళ్లీ యూఎస్‌బీ మీద ఈ పెట్టెకు పంపి, తాళం తీయించుకుని, మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి. విండోస్‌లో ఈ ఏర్పాటు బాగానే నడిచింది. లినక్స్ డీవీబీ వ్యవస్థ మాత్రం ఒక అడాప్టర్‌కు సీఐ ఉంటే అది ఆ ట్యూనర్ వెంటే ఉంటుందన్న లెక్కతో తయారైంది. అందుకే ఈ జాతికి లినక్స్‌లో మద్దతు ఎప్పుడూ అరకొరగానే ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి జాతి పెట్టెనే ఎంచుకోవడం మేలు.

ఎస్2-3650 సీఐని కెర్నెల్‌లోని పీసీటీవీ452ఈ డ్రైవర్ నడుపుతుంది. సీటీ-3650 సీఐకి టీటీయూఎస్‌బీ2 ఉంది. 4650 వరుస, డీవీబీస్కై పెట్టెలు డీవీబీస్కై డ్రైవర్ కిందికి వస్తాయి. ఈ చివరి గుంపు పెట్టెల్లో సీఐ గాడిని చూసుకునే చిప్ సైమాక్స్ ఎస్‌పీ2. దాని డ్రైవర్ 2014లో కెర్నెల్‌లో చేరింది కాబట్టి ఇప్పటి ఏ డిస్ట్రిబ్యూషన్‌లోనైనా ఉంటుంది. ఒక జాగ్రత్త అవసరం. తయారీదారులు పెట్టె పేరు మార్చకుండా లోపలి చిప్‌లు మారుస్తుంటారు. సీటీ2-4650 సీఐకి 1.1 అనే రెండో రూపం ఉంది. కెర్నెల్‌లో రెండింటికీ వేర్వేరు గుర్తింపు సంఖ్యలున్నాయి. పాతది కొనేటప్పుడు అట్ట మీది పేరు కన్నా పెట్టె అడుగున అంటించిన వెర్షన్ సంఖ్యనే నమ్మాలి.

సీఐ ప్లస్ దగ్గర ఆగిపోయే దారి

పెట్టె ఎంచుకోవడం కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: చందా ఇచ్చిన సంస్థ మామూలు సీఐ కామ్‌ను ఒప్పుకుంటుందా, లేక సీఐ ప్లస్‌నే అడుగుతుందా?

మామూలు సీఐలో కామ్ తాళం తీశాక ప్రసారం గాడి నుంచి తెరిచే బయటికొస్తుంది. దాన్ని రికార్డు చేసుకోవచ్చు, నిల్వ ఉంచుకోవచ్చు. 2008లో వచ్చిన సీఐ ప్లస్ ప్రమాణం ఈ సందును మూసేసింది. ఇక్కడ కామ్ ముందుగా అవతల ఉన్న పరికరం దగ్గర డిజిటల్ సర్టిఫికెట్ ఉందో లేదో చూస్తుంది. రక్షణ తప్పనిసరి చేసిన ఛానళ్లకైతే అది ఉంటేనే తాళం తీసి, వెంటనే వేరే తాళం వేసి టీవీకి పంపిస్తుంది. రికార్డు చేయవచ్చో లేదో, చేసినది ఎన్ని రోజులు నిలవాలో కూడా ప్రసార సంస్థే నిర్ణయిస్తుంది. సర్టిఫికెట్ కావాలంటే లైసెన్సు తీసుకోవాలి, రహస్య తాళంచెవులను దాచిపెడతామని ఒప్పుకోవాలి. కోడ్ అంతా బహిరంగంగా ఉండే లినక్స్ డీవీబీ వ్యవస్థ ఆ ఒప్పందం చేసుకోలేదు. కాబట్టి సీఐ ప్లస్ కామ్‌ను లినక్స్ పెట్టెలో పెడితే అది మామూలు సీఐ కామ్‌లా నడుస్తుంది, సంస్థ అనుమతించిన ఛానళ్ల వరకే తాళం తీస్తుంది. కంటెంట్ రక్షణ తప్పనిసరి చేసిన ఛానళ్లు నల్లగానే ఉంటాయి. జర్మనీలో 2009 చివర్లో మొదలైన హెచ్‌డీ ప్లస్ చందా ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. అలాంటి ఛానళ్లకు లినక్స్‌లో ఏ సెట్టింగూ మందు కాదు. ఆ సంగతి ముందే తెలిస్తే వారాల శ్రమ మిగులుతుంది.

కామ్‌లు దుకాణంలో దొరకడం యూరప్ అలవాటు. 2002 నాటి యూనివర్సల్ సర్వీస్ ఆదేశం 30 సెంటీమీటర్లకు మించిన తెర ఉన్న డిజిటల్ టీవీలకు బయటి పరికరాలు తగిలించుకునే బహిరంగ గాడి ఉండాలని చెప్పింది. దానితో టీవీలన్నిటికీ సీఐ గాడి వచ్చింది, కామ్‌కు మార్కెట్ ఏర్పడింది. మన దేశంలో కథ వేరుగా నడిచింది. డీటీహెచ్ లైసెన్సు షరతుల్లో ఒక సంస్థ సెట్‌టాప్ బాక్సు ఇంకో సంస్థకూ పనికిరావాలన్న మాట ఉన్నా, వాడుకదారు చేతికి కామ్ విడిగా రావడం అలవాటు కాలేదు. సాధారణంగా కార్డును బాక్సుకు జతకట్టేసి ఇస్తారు. ఆ కార్డు తీసి ఇంకెక్కడ పెట్టినా పలకదు. 2020 ఏప్రిల్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తన సిఫార్సుల్లో, దేశంలో అమ్మే డిజిటల్ టీవీలకు సీఐ ప్లస్ 2.0 ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ కామ్ పెట్టుకునే పోర్టు ఉండాలని అడిగింది. ఇందులో కామ్ పాత పీసీ కార్డు ఆకారం వదిలి నేరుగా యూఎస్‌బీ రూపంలో వస్తుంది. సర్టిఫికెట్ షరతు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో ఉన్న డీటీహెచ్ కార్డుతో ఈ అధ్యాయంలోని ఏర్పాటు నడవదు. అక్కడ యూఎస్‌బీ ఉపగ్రహ ట్యూనర్‌తో లినక్స్‌లో హాయిగా చూడగలిగేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 మీది డీడీ ఫ్రీ డిష్‌లో తాళం లేని ఛానళ్లను. దానికి కామ్ అక్కర్లేదు.

కింది మెట్టు: కరెంటు, యూఎస్‌బీ, ఫర్మ్‌వేర్

ఏర్పాటును కింది నుంచి పైకి, ఒక్కో మెట్టూ నిలిచాకే తర్వాతి మెట్టుకు వెళ్తూ చేయాలి. మొదటి దశలో కామ్‌ను పక్కన పెట్టేయాలి. గాడి ఖాళీగా ఉంటే ప్రసారం దాన్ని దాటేసి నేరుగా యూఎస్‌బీకి వెళ్తుంది, ట్యూనర్ మామూలుగానే పనిచేస్తుంది.

ఉపగ్రహ పెట్టెతో వచ్చిన పవర్ అడాప్టర్‌నే వాడాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీయాంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు పంపాలి, కామ్‌ను నడపాలి. పోర్టు కరెంటు అందుకు చాలదు. చవక హబ్‌లు కూడా వద్దు. డేటా సంగతికొస్తే, ఒక ట్రాన్స్‌పాండర్ మొత్తం సెకనుకు సుమారు 38 నుంచి 43 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీద 480 మెగాబిట్లు కాబట్టి పోర్టుకు అది పెద్ద భారం కాదు. అయితే రాస్ప్‌బెర్రీ పై మొదటి మూడు తరాల్లో నెట్‌వర్క్ పోర్టు, యూఎస్‌బీ పోర్టులు ఒకే దారిని పంచుకుంటాయి. ట్యూనర్ నుంచి తెచ్చి మళ్లీ నెట్‌వర్క్ మీదికి పంపితే ఆ దారి ఇరుకవుతుంది, బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది. 2019లో వచ్చిన పై 4లో ఈ ఇబ్బంది లేదు.

పెట్టె తగిలించాక టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ ఇస్తే దాని గుర్తింపు సంఖ్య కనిపించాలి. టెక్నోట్రెండ్ పెట్టెలకు మొదటి సగం 0బీ48. అది కూడా లేకపోతే సమస్య కేబుల్‌లోనో కరెంటులోనో ఉంది. డ్రైవర్ జోలికి పోవడం అనవసరం. సంఖ్య కనిపిస్తే తర్వాత డీమెస్గ్ కమాండ్‌తో కెర్నెల్ సందేశాలు చదవాలి. ఇక్కడ ఎక్కువగా ఎదురయ్యేది ఫర్మ్‌వేర్ లేదన్న సందేశం. డీమాడ్యులేటర్ చిప్‌కు తన సొంత ప్రోగ్రామ్ ఉండదు. పెట్టె వెలిగిన ప్రతిసారీ కంప్యూటర్ దాన్ని ఎక్కించాలి. ఎస్960సీఐలో ఉన్న డీమాడ్యులేటర్‌కు కావాల్సిన ఫైలు పేరు డీవీబీ-డీమాడ్-ఎం88డీఎస్3103, చివర ఎఫ్‌డబ్ల్యూ. సందేశం చివర ఎర్రర్ మైనస్ 2 అని ఉంటే ఆ ఫైలు ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో లేదని అర్థం, పాడైందని కాదు. లైసెన్సు కారణాలతో కొన్ని డిస్ట్రిబ్యూషన్‌లు ఇలాంటి ఫైళ్లను మామూలు ప్యాకేజీలో పెట్టవు. విడి ప్యాకేజీగా తెచ్చుకోవాలి. ఫైలు లిబ్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్‌లో పెట్టాక పెట్టె కరెంటు పూర్తిగా తీసి మళ్లీ పెట్టాలి. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే చాలదు. అడాప్టర్ మీద బతికే పెట్టె ఆ సంగతే గమనించదు.

అంతా సరిగా ఉంటే డెవ్ డైరెక్టరీ కింద డీవీబీ, దాని కింద అడాప్టర్0 అనే ఫోల్డర్ వస్తుంది. అందులో ఫ్రంటెండ్0, డీమక్స్0, డీవీఆర్0 అనే మూడు పేర్లు కనిపించాలి. సీఐ ఉన్న పెట్టె అయితే నాలుగోది సీఏ0. సీఏ0 లేదంటే కెర్నెల్ గాడిని గుర్తించలేదు. సీఏ0 ఉన్నంత మాత్రాన కామ్ పనిచేస్తోందని కాదు. గాడి ఉందని చెబుతుంది, అంతే. వీటిని తెరిచే హక్కు సాధారణంగా వీడియో గ్రూపుకు ఉంటుంది. ప్రోగ్రామ్ నడిపే యూజర్ ఆ గ్రూపులో ఉండాలి.

తాళం లేని ఛానల్‌తో పరీక్ష

కామ్ పెట్టకముందే ఒక ఉచిత ఛానల్ మచ్చ లేకుండా రావాలి. ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత ఎక్కువ తికమకపడతారు. అస్ట్రా 19.2 డిగ్రీల తూర్పు మీద అందుకు అనువైనది జర్మనీ తొలి ఛానల్ దాస్ ఎర్స్టే హెచ్‌డీ. ఫ్రీక్వెన్సీ 11494 మెగాహెర్ట్జ్, హారిజాంటల్, సింబల్ రేటు 22000, డీవీబీ-ఎస్2. హారిజాంటల్ కాబట్టి ఎల్‌ఎన్‌బీకి 18 వోల్టులు వెళ్లాలి. 11700 లోపు కాబట్టి 22 కిలోహెర్ట్జ్ టోన్ ఉండకూడదు. డీవీబీవీ5-జాప్ అనే ప్రోగ్రామ్‌తో ఈ ట్రాన్స్‌పాండర్ మీద లాక్ పడిందో లేదో చూడాలి. లాక్ పడ్డాక ఒక అరనిమిషం రికార్డు చేసి ప్లేయర్‌లో ఆడించాలి. గళ్లు పడితే డిష్ దిశ, కేబుల్, కనెక్టర్ ముందు సరిచేయాలి. తాళం ఉన్న ఛానల్‌లో సిగ్నల్ తప్పు, కామ్ తప్పు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇక్కడైతే కామ్ ప్రమేయం లేదు.

ఒకసారికి ఒక ప్రోగ్రామే ఫ్రంటెండ్‌ను ట్యూన్ చేయగలదు. సీఏ0ను కూడా ఒకటే తెరవగలదు. వెనకాల టీవీహెడ్‌ఎండ్ అనే టీవీ ప్రోగ్రామ్ సర్వీసుగా నడుస్తుంటే మిగతావి పరికరం ఖాళీ లేదని చెప్పి ఆగిపోతాయి. పరీక్షలప్పుడు దాన్ని ఆపి ఉంచాలి.

కామ్ మేల్కొనడం

ఇప్పుడు స్మార్ట్ కార్డును కామ్‌లో, కామ్‌ను గాడిలో పెట్టాలి. కార్డు చిప్ ఏ వైపుకు ఉండాలన్నది కామ్‌ను బట్టి మారుతుంది. కామ్ మీది బొమ్మ చూసి పెట్టాలి. కామ్ మేల్కొనడానికి కొన్ని సెకన్ల నుంచి అరనిమిషం దాకా పడుతుంది. ఈలోగా డీమెస్గ్ చూస్తూ ఉంటే డీవీబీ సీఏ అడాప్టర్ 0 అని మొదలై, కామ్ దొరికింది, సిద్ధమైంది అనే వాక్యం రావాలి.

దాని బదులు చెల్లని పీసీ కార్డు పెట్టారన్న సందేశం వస్తే ఎలా అర్థం చేసుకోవాలో చూద్దాం. గాడిలో ఏదో దూరగానే కెర్నెల్ ముందు దాని పరిచయ పట్టికను చదువుతుంది. అందులో తాను డీవీబీ కామ్‌నని మాడ్యూల్ చెప్పుకోవాలి. ఆ పట్టిక చదవడం విఫలమైతేనే ఈ సందేశం. అంటే కార్డు చందాకు దీనితో సంబంధమే లేదు. స్మార్ట్ కార్డు తీసేసి కామ్ ఒక్కటే పెట్టినా ఈ సందేశమే వస్తుంది. కామ్ పూర్తిగా దిగకపోవడం, సూది వంగడం, కరెంటు చాలకపోవడం మామూలు కారణాలు. కామ్ బదులు పలకలేదన్న సందేశం వేరు. అప్పుడు పరిచయం అయింది, సంభాషణ మొదలుకాలేదు. దీనికి ఎక్కువసార్లు కామ్ తీసి, పెట్టె కరెంటు తీసి, కాసేపాగి మళ్లీ పెట్టడమే పరిష్కారం. అప్పటికీ పలకకపోతే ఆ కామ్‌ను ఏదైనా టీవీ గాడిలో పెట్టి చూడాలి. టీవీలో కూడా పలకకపోతే లినక్స్ తప్పేమీ లేదని తేలుతుంది.

ఛానల్ పేరు కామ్‌కు చెప్పేది ఎవరు

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. కామ్ సిద్ధమైంది, సిగ్నల్ ఉంది, కార్డుకు చందా ఉంది. డీవీబీవీ5-జాప్‌తో పే ఛానల్ పట్టి రికార్డు చేస్తే మాత్రం ఇంకా తాళం ఉన్నదే వస్తుంది. తప్పు ఎక్కడా లేదు. కామ్‌లోకి ట్రాన్స్‌పాండర్ మొత్తం, అంటే పది పదిహేను ఛానళ్లు, ఒకేసారి పోతున్నాయి. వాటిలో దేని తాళం తీయాలో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఛానల్ పీఎంటీ పట్టిక నుంచి తీసిన సారాన్ని సీఏ పీఎంటీ అనే సందేశంగా చేసి కామ్‌కు ఇవ్వాలి. కెర్నెల్ ఈ పని చేయదు. కెర్నెల్ సీఏ0 అనే తలుపు మాత్రం తెరిచి ఇస్తుంది, మాట్లాడాల్సింది ప్రోగ్రామ్. జాప్ లాంటి చిన్న సాధనాలకు ఆ భాష రాదు.

ఆ భాష వచ్చినవి వీడీఆర్, టీవీహెడ్‌ఎండ్, మిత్‌టీవీ, మూమూడీవీబీ, డీవీబ్లాస్ట్. వీడీఆర్ వీటిలో పాతది. జర్మనీకి చెందిన క్లాస్ ష్మిడింగర్ దాన్ని 2000లో మొదలుపెట్టారు. సీఐతో దానికి ఉన్న అనుభవం ఇంకే ప్రోగ్రామ్‌కూ లేదు. సెటప్ మెనూలోని కామ్ పేజీలో ప్రతి గాడిలో ఉన్న కామ్ పేరు చూపిస్తుంది, అక్కడి నుంచే దాన్ని రీసెట్ చేయవచ్చు. కామ్ సొంత మెనూ కూడా అందులోనే తెరుచుకుంటుంది; చందా ఎప్పటిదాకా ఉందో చాలా కామ్‌లు అందులో చెబుతాయి. వీడీఆర్ ఛానళ్ల ఫైలులో ప్రతి వరుసలో సీఏ అనే గడి ఉంటుంది. అందులో 0 ఉంటే ఉచిత ఛానల్. హెక్సాలో 100, అంతకు మించి ఉంటే అది సీఏఐడీ. ఒక ఛానల్‌ను వీడీఆర్ పట్టించుకోవడం లేదంటే ముందు ఆ గడిలోని సంఖ్య, కామ్ ఒప్పుకునే సంఖ్య ఒకటేనా అని చూడాలి.

టీవీహెడ్‌ఎండ్‌లో సెట్టింగ్‌లు రెండు చోట్ల ఉంటాయి. టీవీ అడాప్టర్ల జాబితాలో ట్యూనర్ కింద సీఐ గాడి ఒక కొమ్మగా కనిపిస్తుంది; అక్కడ కామ్ పేరు రావాలి. దాంతోపాటు కండిషనల్ యాక్సెస్ పేజీలో లినక్స్ డీవీబీ కామ్ క్లయింట్ అనే పద్దు ఉండి, అది ఆన్‌లో ఉండాలి. రెండోది లేకపోతే కామ్ పేరు కనిపిస్తూనే ఉంటుంది, ఒక్క ఛానల్ తాళం కూడా తీయదు. ఒకేసారి ఎన్ని ఛానళ్లు అడగవచ్చో కూడా అక్కడే పరిమితి పెట్టుకోవచ్చు. ఇంట్లో వాడే కామ్‌లు చాలావరకు ఒకటో రెండో ఛానళ్లే తీయగలవు. ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డు పెడితే రెండోది నల్లగా వచ్చిందంటే కామ్ చెడిపోలేదు, దాని శక్తి అంతే.

ఇంకా తెర నల్లగా ఉంటే మొదట్లో చెప్పిన ఆ రెండు బిట్లను చూడాలి. ఛానల్‌ను అరనిమిషం రికార్డు చేసి టీఎస్‌డక్ అనే సాధనాల్లో విశ్లేషణ చేసేదాన్ని ఆ ఫైలు మీద నడిపితే ఏ పిడ్ తాళంతో ఉందో, ఏది తెరిచి ఉందో జాబితా ఇస్తుంది. కామ్ తాళం తీసినప్పుడు ఆ బిట్లను 00 చేసే పంపిస్తుంది. వీడియో పిడ్‌లో ఇంకా 10, 11 ఉన్నాయంటే కామ్‌కు సందేశం అందలేదు, లేదా కార్డుకు ఆ ఛానల్ హక్కు లేదు. బిట్లు 00 ఉండి బొమ్మ రాకపోతే కామ్ తన పని చేసేసింది. తప్పు ప్లేయర్‌లోనో వీడియో డీకోడింగ్‌లోనో వెతకాలి. ఆడియో తెరిచి, వీడియో మూసి ఉంటే సీఏ పీఎంటీలో ఒక పిడ్ వదిలేశారు. ఈ ఒక్క పరీక్షకు పట్టే సమయం చాలా తక్కువ. అది తేల్చేది చాలా ఎక్కువ.

కార్డుకు హక్కులు అందడం

కొత్త కార్డు, లేదా నెలల తరబడి డ్రాయర్‌లో పడి ఉన్న కార్డు, మొదటి రోజే అన్ని ఛానళ్లూ చూపించదు. ఈఎంఎం సందేశాలు అందేదాకా ఆగాలి. ప్రసార సంస్థ లక్షల కార్డులకు వంతులవారీగా వాటిని పంపిస్తుంటుంది. పెట్టెను ఆ సంస్థ ఛానల్ మీదే ఉంచి అరగంట, కొన్నిసార్లు గంటల తరబడి వదిలేయాలి. మధ్యలో ఛానళ్లు తిప్పుతూ పోతే వంతు తప్పిపోతుంది. వీడీఆర్‌లో ఇందుకోసమే కామ్ యాక్టివేషన్ అనే వీలు పెట్టారు. ట్యూనర్‌ను ఆ ఛానల్ మీదే పట్టి ఉంచుతుంది.

వారాలు నడిచి ఆగిపోయే తప్పుకు మూలం ఇక్కడే ఉంటుంది. ఈఎంఎం ఏ పిడ్ మీద వస్తుందో క్యాట్ అనే పట్టికలో ఉంటుంది, ఆ పట్టిక పిడ్ 1 మీద వస్తుంది. ట్యూనర్, గాడి కలిసి ఉన్న పెట్టెల్లో ప్రసారం మొత్తం కామ్ గుండా పోతుంది కాబట్టి ఇది దానికి అందుతూనే ఉంటుంది. పెట్టె రోజుకు కొంతసేపైనా ఆ ట్రాన్స్‌పాండర్ మీద ఉంటే చాలు. రెండో జాతి పెట్టెల్లో మాత్రం కంప్యూటర్ ఏ పిడ్‌లు పంపితే అవే కామ్‌కు చేరతాయి. ప్రోగ్రామ్ వీడియో, ఆడియో, ఈసీఎం పంపి, క్యాట్‌నూ ఈఎంఎంనూ వదిలేస్తే ఛానల్ ఆ రోజుకు చక్కగా వస్తుంది. కార్డులో పాత హక్కుల గడువు తీరిన రోజు ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ రోజు ఏమీ మారి ఉండదు కాబట్టి కారణం తోచదు. కార్డు తీసి సంస్థ ఇచ్చిన బాక్సులోనో టీవీలోనో ఒక గంట పెడితే మళ్లీ పనిచేస్తుంది. అలా పనిచేసిందంటే తప్పు ఇదేనని రుజువైనట్టే.

నడుస్తూ ఉండగా వచ్చే ఇబ్బందులు

ఛానల్ మధ్యలో ప్రకటనలప్పుడో కార్యక్రమం మారినప్పుడో ప్రసార సంస్థ పీఎంటీ పట్టికను మారుస్తుంది, వెర్షన్ సంఖ్య పెంచుతుంది. ప్రోగ్రామ్ అది గమనించి కొత్త సీఏ పీఎంటీ పంపాలి. గమనించని పాత వెర్షన్‌లలో సరిగ్గా ఆ క్షణాన బొమ్మ ఆగి, ఛానల్ మార్చి మళ్లీ వస్తే నడుస్తుంది. ప్రోగ్రామ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడమే దీనికి మందు.

యూఎస్‌బీ విద్యుత్ ఆదా వల్ల వచ్చే తప్పు రాత్రి రికార్డింగుల్లో బయటపడుతుంది. ఆ ఆదా ఆన్‌లో ఉంటే, వాడుకలో లేని పరికరాన్ని కెర్నెల్ నిద్రపుచ్చవచ్చు. లేచేసరికి ఫర్మ్‌వేర్ పోయి ఉండొచ్చు, కామ్ సంభాషణ తెగి ఉండొచ్చు. ఈ పరికరానికి ఆటోసస్పెండ్ ఆపేయాలి. కంప్యూటర్ మొత్తాన్ని నిద్రపుచ్చే అలవాటుంటే, పడుకునేముందు టీవీ ప్రోగ్రామ్‌ను ఆపి డ్రైవర్‌ను దింపడం, లేచాక డ్రైవర్ ఎక్కించి, కామ్ సిద్ధమయ్యేదాకా ఆగి, అప్పుడు ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టడం ఒక చిన్న స్క్రిప్టుగా రాసి పెట్టుకోవచ్చు. కంప్యూటర్ మొదలైనప్పుడు కూడా ఇదే వరుస పాటించాలి. కామ్ మేల్కొనకముందే టీవీహెడ్‌ఎండ్ ఛానల్ అడిగితే ఆ మొదటి రికార్డింగ్ నల్లగా మిగులుతుంది.

ఒకే కంప్యూటర్‌కు రెండు ట్యూనర్లు ఉంటే అడాప్టర్0, అడాప్టర్1 పేర్లు ప్రతి రీస్టార్ట్‌కు తారుమారు కావచ్చు. కామ్ ఉన్నది ఒకటి, ప్రోగ్రామ్ వెతికేది ఇంకొకటి అవుతుంది. చాలా డీవీబీ డ్రైవర్లకు అడాప్టర్ సంఖ్యను ముందే నిర్ణయించే అడాప్టర్_ఎన్ఆర్ అనే పారామీటర్ ఉంది. మోడ్‌ప్రోబ్ సెట్టింగ్‌లలో ఒక్కో డ్రైవర్‌కు ఒక్కో సంఖ్య రాసి పెడితే పేర్లు కదలవు. రెండు ట్యూనర్లూ ఒకే డ్రైవర్‌వి అయితే, ఏది ముందు తగిలితే దానికి మొదటి సంఖ్య వెళ్తుంది. అప్పుడు సీఐ పెట్టెను ఎప్పుడూ ఒకే పోర్టులో ఉంచి, కంప్యూటర్ మొదలయ్యాక సీఏ0 ఏ అడాప్టర్ కింద వచ్చిందో చూసి ప్రోగ్రామ్‌కు ఆ సంఖ్యనే ఇవ్వాలి.